61 బొమ్మల లెక్క

నా స్నేహితురాలు పోయి ఏడు నెలలైంది. పోయిన నెల వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, బొమ్మలన్నీ గదిలో అలాగే పడున్నాయి. ఏవి ఎవరివో నీకైతే తెలుస్తుంది, వచ్చి కాస్త విడదీసి పెడతావా?" అంది.

వేసింది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషి బొమ్మల్లో ఏవి ఎవరివో విడదీయాలి. బయటివాళ్ళకి ఈ మాట వింతగా ఉంటుంది. మాకు మాత్రం ఉతికిన బట్టలు ఎవరివి వాళ్ళకి మడతపెట్టడం లాంటిదే.

నాకు బొమ్మలు వేయడం రాదు. లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. అందుకే కాబోలు, వెళ్ళగానే ముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. 61. పుస్తకంలో రాసుకుని, నేలమీద చోటు చేసుకుని దొంతరలు వేయడం మొదలుపెట్టాను.

తన పేరు ఇక్కడ రాయను. జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో తనే ఎంచుకునేది. పదకొండేళ్ళలో ఆ జాబితాలో చేరినవాళ్ళు ఐదుగురు. ఇప్పుడు తను లేదు కదా అని నేను ఆరో పేరు చేర్చడం బాగుండదు.

ఎలా పోయిందో మాత్రం రాస్తాను, ఎందుకంటే కబురు తెలిసినవాళ్ళంతా గొంతు తగ్గించి "మరి... ఎలా?" అని అక్కడ ఆగిపోయారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. పది రోజుల్లో ముదిరిపోయింది. వాళ్ళ అనుమానం ఊరికే వచ్చింది కాదని నాకూ తెలుసు. ఈ జబ్బున్నవాళ్ళలో ఆత్మహత్యకి ప్రయత్నించి బయటపడ్డవాళ్ళు చాలామంది ఉంటారు, తనూ వాళ్ళలో ఒకతే. అది మా పరిచయానికి ముందు. తర్వాత బతకడానికి తను పడ్డ పాట్లు దగ్గరుండి చూసినదాన్ని. అందుకని ఆ "ఎలా?" వినగానే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చేది.

తనకున్నది డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. డిఐడి అంటారు. ఒకే మనిషిలో వేరువేరు 'నేను'లు ఉండే జబ్బు. పాత పేరు మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్, 1994లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మార్చింది. ఆ పేరు మార్పు గురించి తను చెప్పిన మాటే నాకు బాగా అర్థమైంది. "అందరూ పగిలిన కుండ అనుకుంటారే. పగలడానికి ముందు కుండ అవ్వాలిగా? నేను కుండే అవ్వలేదు. మట్టి ముద్దలు ముద్దలుగానే ఉండిపోయింది."

పసిపిల్లల్లో 'నేను' అనేది పుట్టుకతోనే ఒక్కటిగా ఉండదట. ఆకలేసినప్పటి నేను, భయపడినప్పటి నేను, ఆడుకునేటప్పటి నేను, ఇవన్నీ ఏళ్ళమీద మెల్లిగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ వయసులోనే భరించలేని హింస మళ్ళీ మళ్ళీ జరిగితే, పైగా చేసేది ఇంట్లో కాపాడాల్సిన మనిషే అయితే, ఆ అతుక్కోవడం కొందరిలో జరగదు. జరిగింది ఒక ముద్ద దగ్గర ఉండిపోతుంది, మిగతావాటికి తెలియకుండా. తన విషయంలో ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. అదీ రాయను.

అసలు పేరు తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మొదట డిప్రెషన్ అన్నారు, తర్వాత స్కిజోఫ్రినియా అని మందులిచ్చారు. తలలో గొంతులు వినిపిస్తున్నాయంటే అదే అనుకున్నారు. "ఆ గొంతులు బయటినుంచి వస్తున్నాయా, లోపలినుంచా?" అని మొట్టమొదట అడిగిన మనిషే తర్వాత తన థెరపిస్టు అయింది. ఒక డాక్టరైతే మొహమ్మీదే "ఇదంతా నటన" అన్నాడు. "నటించేదాన్నే అయితే ఇంతకంటే మంచి పాత్రలు ఎంచుకునేదాన్ని కదా సార్" అని వచ్చేసిందట. ఆ మాట అన్నది తను కాదని, అలా అన్నట్టు తనకే తర్వాత తెలిసిందని నాకు చెప్పినప్పుడు ఇద్దరం పడీపడీ నవ్వాం.

సర్వేల్లో నూటికి ఒకరో, ఒకటిన్నరో ఉంటారని తేలిందని నేను చదివి చెబితే, "అయితే మన ఆఫీసులో మూడొందల మందిలో ఇంకో ఇద్దరున్నారన్నమాట. ఎవరే వాళ్ళు?" అని వారం రోజులు అందరినీ అనుమానంగా చూసింది. సినిమాల్లో చూపించినట్టు మెడ తిప్పి గొంతు మారిపోతే కనిపెట్టడం తేలికే. అసలైతే అలా ఉండదు. దాచుకోవడానికే పుట్టిన జబ్బు అది. తన విషయంలో ఒక దీర్ఘమైన రెప్పపాటు, మాటకీ మాటకీ మధ్య కాస్త ఖాళీ, అంతే. నేను పోల్చుకునే గుర్తు ఇంకోటుంది. చేతిలో బ్రష్షు పట్టుకునే తీరు.

సంతకాలు చూసి వాళ్ళకి నేను పేర్లు పెట్టుకున్నాను. అసలు పేర్లు వాళ్ళవి. తను మాత్రం అందర్నీ కలిపి "మావాళ్ళు" అనేది.

మొదటి దొంతర చుక్కది. నేను స్నేహం చేసింది, రోజూ ఆఫీసుకి వచ్చింది ఎక్కువగా ఈమే. నీటిరంగులు. కాగితం నాలుగు అంచులా మాస్కింగ్ టేపు వేసి పలకకి అంటించేది. ఎండాక టేపు లాగితే చుట్టూ కత్తిరించినట్టు తెల్లటి అంచు. కుడివైపు మూలన సంతకానికి బదులు ఒక చుక్క. ఆకాశాలు, నీళ్ళు, మనుషుల్లేని దారులు. ఇవి 22.

రెండోది మూడు గీతలు. ఆరేళ్ళ పిల్ల. మైనపు క్రేయాన్లు, గుప్పిట్లో పట్టుకుని కాగితం వెనక్కి అచ్చుపడేంత గట్టిగా గీసేది. కాగితం వెనక మూడు నిలువు గీతలు పెట్టేది. ఇవి 14. ఈ బొమ్మల్లో పెద్దవాళ్ళకి మోకాళ్ళ పైన ఏమీ ఉండదు. చెప్పులు, పాదాలు, పంట్లాం అంచులు, అంతే. పిల్లకి పైభాగం గీయడం చేతకాదేమో అనుకున్నాను చాలాకాలం. ఒకరోజు ఏదో కింద పడితే తీయడానికి మంచం కిందికి దూరి, అక్కడినుంచి చెల్లెలి కాళ్ళు చూశాక తెలిసింది ఆ బొమ్మలు ఎక్కడ కూర్చుని చూసినవో.

మూడోది ఎడంచెయ్యి. తను కుడిచేతి మనిషి. ఇతను ఎడమచేత్తో బొగ్గుతో గీసేవాడు. 'ఇతను' అని రాస్తున్నాను కానీ, అతను మగవాడని నాకు ఏడాదిదాకా తెలియలేదు. తెలుగులో "వచ్చాను, వెళ్ళాను" అంటే ఆడో మగో ఎవరికి తెలుస్తుంది? నేను "ఏమే" అన్నప్పుడల్లా కాస్త చిరాగ్గా చూసేవాడు. చివరికొకరోజు "నన్ను ఏమే అనకు, ఏరా అను" అన్నాడు. డాక్టరుకి ఆ జవాబు చెప్పింది ఇతనే. సంతకం ఉండదు. ఇవి 9.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. నాకు ఎడంచెయ్యి అంటే అందరికంటే ఇష్టం. వెక్కిరింపులు, బూతులు, మా మేనేజరు నడకని అనుకరించడం. చుక్క మంచిదే, కానీ ఎప్పుడూ అలసిపోయి ఉండేది. ఒక సాయంత్రం నా గొడవలతో విసిగిపోయి వెళ్ళి, "అతన్ని ఒకసారి పిలవవే, నవ్వి చాలా రోజులైంది" అనేశాను.

చుక్క బ్రష్షుని మగ్గులో తిప్పుతూనే ఉంది. రంగు ఎప్పుడో పోయింది, అయినా తిప్పుతూనే ఉంది. "నేను తలుపుని కాదే, నువ్వు తట్టగానే ఇంకొకళ్ళు రావడానికి" అంది.

మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోన్ చేసింది ఎడంచెయ్యే. నా తరఫున మాట్లాడతాడనుకున్నాను. "రోజూ పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుని, బిల్లులు కట్టి, మమ్మల్నందర్నీ మోసుకుని తిరిగేది అది. దాని ఎదుట ఇంకోసారి ఆ మాటంటే నీకు నేనూ ఉండను, అదీ ఉండదు" అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు సారీ చెప్పినా చుక్క "సర్లేవే" అనేది కానీ, నేనున్నప్పుడు అతను రావడం బాగా తగ్గిపోయింది. అందుకే ఆ దొంతర చిన్నదేమో అని ఇప్పుడనిపిస్తోంది.

టైం పోవడమనేది తన జీవితంలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి. చూస్తుండగా మధ్యాహ్నం సాయంత్రమైపోతుంది, మధ్యలో ఏమైందో తెలియదు. గోడ గడియారం ఇప్పుడు ఎంతైందో చెబుతుందిగానీ, తను ఎప్పుడు వెళ్ళిపోయిందో చెప్పదు కదా. దానికి తను కనిపెట్టిన ఉపాయం రంగు. తెలివి రాగానే ఎదురుగా ఉన్న బొమ్మని చిటికెనవేలితో తాకేది. నీటిరంగు మీద మెరుపు ఇంకా ఉంటే వెళ్ళి రెండు మూడు నిమిషాలు. ఆక్రిలిక్ పలచటి పూత వేలికి అంటకపోతే పావుగంట దాటింది. మందంగా వేసినచోట పైన పొర కట్టి లోపల మెత్తగా ఉంటే గంటో, రెండు గంటలో. తను నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ వేలు చాచేది, జ్వరం చూసినట్టు. "ఇరవై నిమిషాలే. బానే ఉంది" అనుకుని మాట కొనసాగించేది. ఆయిల్ రంగులు కొన్నాళ్ళు వాడి మానేసింది. "అవి రోజుల లెక్కన ఆరతాయే. నాకు నిమిషాలు కావాలి."

గోడనిండా టేపు ముక్కల మీద ఉత్తరాలు ఉండేవి. "బ్రష్షులు నీళ్ళలో నిలబెట్టి వదలొద్దు, కుచ్చులు వంగిపోతున్నాయి" అని చుక్క రాతలో. దాని కింద వంకరటింకరగా ఒక ఏడుపు మొహం. దాని కింద ఎడమకి వాలిన అక్షరాలతో "పిల్లని తిట్టకు, కొత్తవి కొను".

కిమ్ నోబుల్ అని 1960లో పుట్టిన బ్రిటిష్ చిత్రకారిణి ఉంది. ఈ జబ్బే. ఆవిడలో డజనుమందికి పైగా బొమ్మలు వేస్తారు, ఎవరి శైలి వాళ్ళది. ఎవరూ నేర్పింది కాదు. ఆ బొమ్మలు ఫోన్లో చూపిస్తే తను చాలాసేపు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. "వాళ్ళు ఎవరి క్యాన్వాసు మీద వాళ్ళు వేసుకుంటారు కాబోలు. మావాళ్ళకి ఆ మర్యాద కూడా లేదు" అంది. వెటకారంగా అన్నదా, అసూయతోనా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ మర్యాద లేకపోవడం అంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. ఆరేళ్ళ క్రితం. చుక్క పలక కాస్త వాలుగా పెట్టుకుని, వెడల్పు బ్రష్షుతో ఇండిగో రంగు పైనుంచి కిందికి పూస్తోంది. రాత్రి ఆకాశం వేద్దామని. రెండో పూతకే కాగితం మీద తెల్లటి గీతలు లేవడం మొదలయ్యాయి. తెల్ల కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో ఎవరో ముందే గీసి పెట్టారు. మైనం మీద నీళ్ళు నిలవవు, రంగు దాన్ని తప్పించుకుని పక్కకి జారిపోతుంది. ముందు మంచం పట్టె వచ్చింది. తర్వాత మంచం కోళ్ళు. కింద ముడుచుకుని ఏదో. దాని పక్కన, కాగితంలో సగం ఆక్రమించి, రెండు పెద్ద పాదాలు.

నేను ఆపమని చెయ్యి పట్టుకోబోయాను. తను తల అడ్డంగా ఊపి పూస్తూనే పోయింది. మధ్యలో ఆపితే అక్కడ అంచు ఎండి గట్టి గీత పడుతుంది, బొమ్మ పాడవుతుంది. కిందిదాకా పూసి, బ్రష్షు పక్కన పెట్టి, "నీకూ కనిపిస్తోందా? నాకేనా?" అంది.

"కనిపిస్తోంది."

"అయితే సరే" అంది. చేతులు అప్పుడు వణికాయి.

తడి ఆరకముందే ఆ కాగితం పలకతో సహా థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈ జబ్బుకి ప్రత్యేకంగా మందులేదు. దిగులుకి, నిద్రకి ఇస్తారు, అంతే. మిగతాదంతా మాటలతో, ఏళ్ళతరబడి. ముందు మనిషి కాళ్ళు నేలమీద ఆనాలి, ఆ తర్వాతే జరిగినవాటిని తవ్వడం, ఆ తర్వాత కలిసి బతకడం ఎలాగో చూసుకోవడం. తొందరపడితే మొదటికే మోసం. అందుకని ఆవిడ ఒక నియమం పెట్టింది. తెల్ల క్రేయాన్ కాగితాలు ఇంట్లో ఒంటరిగా తడపకూడదు. ఆవిడ గదిలోనే, ఒక్కసారికి ఒక్కటే. అదీ పిల్ల సరేనంటేనే.

పిల్ల సరేనందనడానికి గుర్తు వెనక ఉండే మూడు గీతలకి నాలుగోది చేరడం. దాదాపు నాలుగేళ్ళు అలా నడిచింది. ఆ కాగితాల్లో చాలావాటిని థెరపిస్టే తన బీరువాలో దాచింది. మా 61లో అవి లేవు.

మిగిలినవి 16. ఏ దొంతరలోనూ పట్టనివి ఇవి. నా లెక్క టాలీ అవ్వక చెల్లెలు రెండుసార్లు వచ్చి చూసి పోయింది. ముఖ్యంగా ఒక బొగ్గు బొమ్మ. మగ్గు మీద ఆనించిన చెయ్యి. కుడిచేత్తో గీసేవాళ్ళ షేడింగు గీతలు మామూలుగా కింద ఎడమనుంచి పైన కుడికి వాలతాయి, ఎడమచేతివాళ్ళవి దానికి తిరగేసి. లియొనార్డో డావించి డ్రాయింగులని పోల్చుకోవడానికి చూసే గుర్తుల్లో అదొకటి. ఎడంచెయ్యి బొమ్మలు నేను అలాగే విడదీస్తున్నాను. దీనిలో రెండూ ఉన్నాయి. మణికట్టు నీడలు ఒకవైపు వాలాయి, వేళ్ళ మధ్య నీడలు ఇంకోవైపు. గోళ్ళలో మాత్రం గులాబీరంగు క్రేయాన్, గీత దాటకుండా, ఆరేళ్ళ పిల్లకి చేతనైనంత జాగ్రత్తగా. మూలన చుక్క.

తేదీ చూస్తే తను ఆసుపత్రిలో చేరడానికి రెండు నెలల ముందుది. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే "ఈమధ్య టైం పోవట్లేదే, పక్కన కూర్చుని చూస్తున్నట్టుంటోంది" అనేది. అందరూ కలిసి ఒక్కరైపోవాలని తను ఎప్పుడూ కోరుకోలేదు. ఆ మాటెత్తితే "ఎవర్ని పంపించెయ్యమంటావ్?" అని కసిరేది. ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగితే చాలనేది. నేను నా పనిలో పడి, "మంచిదేగా" అని పెట్టేశాను. ఇంకాస్త అడగాల్సింది.

ఆ 16కి విడిగా ఒక దొంతర వేసి, పేరు రాయకుండా వదిలేశాను.

చీకటిపడే వేళకి అట్టలు, వాడని కాగితాలు ఒక సంచిలో వేస్తున్నాం. పారేసే వాటిలో ఒక మందపాటి తెల్ల కాగితం జారి, కిటికీ దగ్గర ఏటవాలుగా పడింది. వెలుతురు పక్కనుంచి తగిలి దానిమీద ఏదో మెరిసింది. చేతిలోకి తీసుకుని వేలితో తడిమాను. మైనం. గీతలు చాలా ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి. ఎంత వంచి చూసినా బొమ్మ ఏమిటో అంతుపట్టలేదు. వెనక్కి తిప్పితే మూడు గీతలు.

నాలుగోది ఉందేమోనని లైటు వేసి చూశాను. లేదు.

"తడిపి చూద్దామా అక్కా?" అంది చెల్లెలు. మగ్గులో నీళ్ళు కూడా ఉన్నాయి, బ్రష్షులు కడగడానికి తెచ్చినవి.

నేను పుస్తకం తీసి 61 కొట్టేసి 62 అని రాశాను. వివరం గడిలో "తెల్ల కాగితం, వెనక మూడు గీతలు" అని రాసి, కాగితాన్ని పిల్ల దొంతరలో అన్నిటికంటే కింద పెట్టాను.